ఓడ భోజనాల హాల్లో నా గుండు

2004 ఆగస్టు 1, ఆదివారం

కొండ దిగి వచ్చాను. గుండుతో.

పలమనేరు బస్టాండు నుంచి ఇంటిదాకా నడిచే వచ్చాను. ఆటో ఎక్కలేదు, కొంగు కప్పుకోలేదు. చూసేవాళ్ళు చూడనీ. నెత్తిన గంధం ఎండి పొలుసులు లేస్తోంది. ఈ ఊరి గాలి నెత్తికి తగిలితే ఇంత హాయిగా ఉంటుందని నలభై నాలుగేళ్ళుగా నాకు తెలియనే లేదు.

మా ఆయన అంగడి ముందు దాణా మూటలు దించుతున్నాడు. చూశాడు. మూట కింద పెట్టాడు.

"మూడు కత్తెర్లు ఇచ్చి రమ్మంటి గదా."

అంతే. మళ్ళీ మూట ఎత్తుకున్నాడు.

మూడు కత్తెర్లు! జడ కొసన మూడుసార్లు కత్తెర ఆడించి, మొక్కు తీరిందనుకుని, మళ్ళీ పూలు ముడుచుకుని ఇంటికి రావడం. చాలామంది ఆడవాళ్ళు అంతే చేస్తారు, తప్పు లేదు. నేను మొక్కింది అది కాదు. ఏప్రిల్‌లో, తిరుపతి ఆసుపత్రి వరండాలో... ఈ మనిషి కళ్ళు పచ్చబడి, కడుపు ఉబ్బి, నన్నే గుర్తుపట్టకుండా పడి ఉంటే — "సామీ, ఈ మనిషిని లేపు, నా తల ఇస్తా" అన్నాను. జుట్టు అని కూడా అనలేదు. తల అన్నాను. పంతొమ్మిది రోజులకు లేచాడు. ఇప్పుడు పోయి కొస ఇచ్చి వస్తానా? దేవుడి దగ్గర కూడా నకరాలేనా?

ఆగస్టు 2

పొద్దున జెర్సీ ఆవు నన్ను వాసన చూసి పక్కకు తిరిగింది. పాలు చేపలేదు. "నేనేమే, సరోజని" అని గంగడోలు గీరినా వినలేదు. ఆయనే పాలు పిండాడు. పిండుతూ నవ్వాడు కూడా. నాతో కాదు, ఆవుతో.

ఆగస్టు 4, బుధవారం

ఆవు చేపింది. దానికి రెండు రోజులు పట్టింది. మనిషికి ఎన్ని రోజులో.

సాయంత్రం దాణా కంపెనీ చలపతి సార్ వచ్చాడు, సింగపూరు కాగితాలతో. నన్ను చూసి టీ గ్లాసు ఒంచుకున్నాడు. "అమ్మగారూ... ఇదేంది... టూరు పెట్టుకోని..."

ఈ ఏడాది జిల్లాలో దాణా ఎక్కువ అమ్మింది మా అంగడే. అందుకని కంపెనీ సింగపూరు తీసుకుపోతోంది. ఆడినుంచి పెద్ద ఓడలో మూడు రాత్రులు. ఆఖరి రాత్రి ఓడ భోజనాల హాల్లోనే షీల్డు ఇస్తారట. షీల్డు నాకు. లైసెన్సు నా పేరు మీదే ఉంది కాబట్టి. మామ పోయేముందే రాయించి పోయాడు — కొడుకు చేతిలో ఉంటే అంగడి సీసాల్లోకి పోతుందని. ఆ సంగతి జిల్లాలో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

చలపతి సార్ దుస్తుల కాగితం చదివి వినిపించాడు. తెలుగులోకి ఆయనే రాశాడట. పూర్వం ఆ హాల్లో కోటు, టై లేనిదే లోపలికి రానిచ్చేవాళ్ళు కాదట. ఇప్పుడు సడలించారట. "క్యాజువల్ చాలంట అన్నా మీకు."

"క్యాజువల్ అంటే లీవు గదా" అన్నాడు మా ఆయన.

"అదే అన్నా. బట్టలకు లీవు ఇచ్చినట్లు. మరీ విప్పేసి పోకూడదు, అంతే."

కాలరున్న చొక్కా చాలు. ఆడవాళ్ళకు చీర, చుడీదార్, ప్యాంటు — ఏదైనా సరే. కూడనివి: నిక్కరు, లుంగీ, హవాయి చెప్పులు, టోపీ.

"గుండు రాసుండాదా సార్?" అని అడిగాను.

చలపతి సార్ కాగితం తిప్పి వెనక కూడా చూశాడు, పాపం. "లేదమ్మా."

"అయితే సరే."

మా ఆయన లేచి లోపలికి పోయాడు.

ఆగస్టు 9

బెంగుళూరు నుంచి ఆడబిడ్డ విజయ పార్సిలు పంపింది. విగ్గు. భుజాల దాకా, గోధుమరంగు మెరుపుతో. ఈయనే ఫోన్ చేసి చెప్పాడన్నమాట.

అద్దంలో పెట్టి చూసుకున్నాను. వాయమ్మో. నాటకంలో రాజు చెల్లెలు. వెంట్రుకలు అసలువేనట, "ఒరిజినల్ వదినా" అని చీటీ రాసింది. ఏ తల్లి మొక్కుకుని ఏ కొండమీద ఇచ్చిందో! ఒకరి మొక్కు నా నెత్తిన పెట్టుకుని నా మొక్కు దాచుకోవాలా? తీసి మళ్ళీ డబ్బాలో పెట్టాను.

"ఓడలో మాత్రమే పెట్టుకో మే. ఆ మూడు రాత్రులే. భోజనాలకాడ" అన్నాడు.

"భోజనాలకాడే ఎందుకు?"

"పెద్దోళ్ళు వస్తారు."

"పెద్దోళ్ళు గుండ్లు సూడలేదా?"

"గమ్మునుండు మే" అని వెళ్ళిపోయాడు.

నీకోసమే గదా అని నోటిదాకా వచ్చింది. అనలేదు. ఇంతవరకూ ఒక్కసారి కూడా అనలేదు. అంటే ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకున్నట్టే.

ఆగస్టు 13

మళ్ళీ విగ్గు గొడవ. రాయడానికి కూడా విసుగు.

ఆగస్టు 16

"మంకీ క్యాపు అయినా పెట్టుకో" అంటున్నాడు. ఏసీ చల్లగా ఉంటుందట, జలుబు చేస్తుందట. ఇరవై మూడేళ్ళ కాపురంలో నా జలుబు గురించి ఇంత దిగులు ఎన్నడూ చూడలేదు. సరే పెట్టాను పెట్టెలో. విగ్గు పెట్టలేదు. ఆయనే దొంగతనంగా నా చీరల కింద దూర్చాడు. చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

ఆగస్టు 19, గురువారం

చెన్నై విమానాశ్రయం. పాస్‌పోర్టు ఫోటోలో నాకు బారెడు జడ, ముందుకు వేసుకుని, కనకాంబరాలతో. అద్దం వెనక కూర్చున్న ఆఫీసరు ఫోటో చూస్తాడు, నన్ను చూస్తాడు, ఫోటో చూస్తాడు. మా ఆయన వెనక నిలబడి చెమటలు కక్కుతున్నాడు.

"తిరుపతియా?" అన్నాడు ఆ ఆఫీసరు.

"ఆమా సార్."

ముద్ర కొట్టి, పాస్‌పోర్టు రెండు చేతులతో ఇచ్చాడు. "నల్లా పోయిట్టు వాంగమ్మా" అన్నాడు, క్షేమంగా పోయి రమ్మని.

దేశం దాటడానికి ఏ అడ్డమూ లేదు. ఒక్క మొగుడికే అడ్డం.

ఆగస్టు 21, శనివారం — ఓడలో, పొద్దున

నిన్న రాత్రి సంగతి ఇప్పుడు రాస్తున్నాను.

ఓడ అంటే ఓడ కాదు. తిరుపతి లాడ్జీలన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చి నీళ్ళమీద వదిలినట్టుంది. భోజనాల హాలుకి మెట్లు దిగి పోవాలి. గుమ్మంలో నల్లకోటు మనిషి నవ్వుతూ అందరి బట్టలూ కంటితోనే తడుముతున్నాడు. తెల్లవాళ్ళు పూలచొక్కాల్లో, చెప్పుల్లో వచ్చేస్తున్నారు. సడలించినమాట నిజమే. కానీ మన పుంగనూరు డీలరు మునిరత్నం కొత్త గళ్ళ లుంగీ కట్టి వస్తే ఆపేశాడు. మునిరత్నం పోట్లాట — "సడలించినామంటిరి గదా, యాడప్పా సడలించినారు? ఇది కొత్త లుంగీ!" పాపం, పోయి ప్యాంటు వేసుకుని వచ్చాడు. మదనపల్లె డీలరు భార్య రాజేశ్వరి జీన్స్ ప్యాంటులో వచ్చింది. ముళ్ళమీద నడిచినట్టు నడుస్తోంది, ముఖం మాత్రం వెలిగిపోతోంది. "మా అత్త సూస్తే సస్తాది అక్కా" అంటూ ఒకటే నవ్వు.

నేను ఆకుపచ్చ కంచిపట్టు. నెత్తిన మంకీ క్యాపు. పోనీలే, ఒకరోజు ఆయన మాట విందామని పెట్టుకున్నాను. పట్టుచీర మీద మంకీ క్యాపు! నల్లకోటు మనిషి దగ్గరికొచ్చి ఒంగి, ఎంతో మర్యాదగా, "మేడమ్... క్యాప్, ప్లీజ్" అన్నాడు.

"చెవినొప్పి అని చెప్పు, చెవినొప్పి అని చెప్పు" — పక్కనుంచి ఈయన.

ఎందుకు చెబుతాను? రూలు రూలే. కాగితంలో ఉంది, నేను చదువుకునే వచ్చాను. తీసి మా ఆయన చేతిలో పెట్టాను.

మా బల్లమీద అందరి తలలూ ఇటు తిరిగాయి. రాజేశ్వరి ఒక్కతే "అక్కకు బాగుండాది" అంది.

కూర్చున్నాక బుడ్లు వచ్చాయి. ఎర్రవి, తెల్లవి, బీరు. తాగినంత. "అంతా కంపెనీదే, తీస్కోండన్నా" అని చలపతి సార్. ఈయన నాకెదురుగా కూర్చున్నాడు. చెయ్యి గ్లాసు దాకా పోయింది. తల ఎత్తాడు. నా నెత్తి చూశాడు. చెయ్యి వెనక్కి వచ్చింది. బత్తాయి రసం తెప్పించుకున్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు. ఇన్ని రోజులూ సిగ్గనుకున్నాను. సిగ్గు కాదు! ఈ గుండు ఎదురుగా ఉంటే ఆయనకు గుక్క దిగదు. అందుకే విగ్గు. అందుకే భోజనాలకాడే. అందుకే ఆ మూడు రాత్రులే. మూడు నెలలుగా కాచుకుని ఉన్నాడన్నమాట, ఈ ఓడకోసం.

"ఇంకొక్క గుక్క తాగినా మళ్ళీ నా దగ్గరికి తీసుకురావద్దమ్మా" అని డాక్టరు నాతోనే కదా చెప్పింది. ఆయన విన్నాడు కూడా.

గదికి రాగానే విగ్గు తీసి ఓడ చెత్తబుట్టలో వేశాను. చూస్తూ ఊరుకున్నాడు.

ఆగస్టు 22, ఆదివారం పొద్దున

ఒళ్ళు మండిపోతోంది. పెన్ను కాగితంలో దిగబడుతోంది.

నిన్న పొద్దున టిఫిన్‌కు పోతే నల్లకోటు మనిషి నా కుర్చీ తనే లాగి కూర్చోబెట్టాడు. అడగకుండానే గిన్నెడు జావ వచ్చింది. చారు వచ్చింది. వడ్డించే పిల్ల నాతో గుసగుసగా మాట్లాడుతుంది, చంటిబిడ్డతో మాట్లాడినట్టు. పక్కబల్ల తెల్లామె, ముసలామె, లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఏదో అంది. కళ్ళు తడి. నేను నవ్వితే ఆమెకు ఇంకా ఏడుపొచ్చింది. ఏందిరా నాయనా ఈ గౌరవం, పట్టుచీర మహిమేమో అనుకున్నాను. అంత పిచ్చిదాన్ని.

మధ్యాహ్నం రాజేశ్వరి నన్ను పక్కకు పిలిచింది. "అక్కా, మాకు సెప్పకూడదా? మేము పరాయోళ్ళమా? క్యాన్సరంట గదా... మీ ఆయన రామచంద్రన్నే రాత్రి మా ఆయనతో సెప్పినాడు. ఓడోళ్ళకు గూడా సెప్పించినాడంట, మెత్తటి కూడు పెట్టమని."



క్యాన్సరు. నాకు. నోరెట్లా వచ్చింది? తథాస్తు దేవతలు ఉంటారని చిన్నప్పటినుంచీ వింటూ పెరిగాం, పిల్ల తుమ్మితేనే చిరంజీవ అంటాం. ఈ మనిషి బతకాలని తల ఇస్తే, ఈ మనిషే ఆ తలకు రోగం అంటగట్టాడు.

రాత్రి భోజనంలో అంతా తెలిసింది. అందరూ నన్ను జాలిగా చూస్తున్నారు, ఆయన్ను ఇంకా జాలిగా. ఎవరో ఆయన గ్లాసులో బీరు పోశారు — "పాపం, మనసులో ఎంత పెట్టుకోనుండావో అన్నా." ఆయన నా నెత్తి చూశాడు. ఈసారి చూపు తిప్పుకోలేదు. గుండు ఇప్పుడు ఆయన తాగుడుకు గుర్తు కాదు కదా, నా రోగానికి గుర్తు! గ్లాసెత్తి సగం తాగాడు. మూడు నెలల తర్వాత మొదటి గుక్క. నా రోగం చాటున.

నేను లేచి ఆ గ్లాసు తీసుకుని చారు గిన్నెలో పోశాను. "మందులు పడలేదేమో, ఆమెకు చిరాకు" అన్నాడు చలపతి సార్, మెల్లగా.

గదిలో అడిగాను. "ఎందుకు సెప్పినావు?"

"ఏదో ఒకటి సెప్పల్ల గదా మే. అందురూ నన్ను అడగతా ఉండారు."

"మొక్కని సెప్పలేవా?"

"దేనికని అడిగితే?"

అటు తిరిగి పడుకున్నాడు. దేనికని అడిగితే... అదే కదా. సరే. ఈ రోజు షీల్డు. చూస్తాను.

ఆగస్టు 23, సోమవారం

చెప్పేశాను. 

నిన్న రాత్రి అందరూ బాగా తయారై వచ్చారు. రూలు సడలించినా ఆఖరి రాత్రికి కోట్లు బయటికొచ్చాయి. నేను ఎర్రంచు తెల్లపట్టు, పెద్ద కుంకుమ బొట్టు, నున్నటి గుండు. సబ్బుతో రుద్దుకుని, మొలకలు రేజరుతో గీసేసి, కొబ్బరినూనె రాసుకుని మరీ పోయాను. మెరవాలి. హాలు దీపాలన్నీ నా నెత్తిలో కనబడాలి.

భోజనం మధ్యలో చలపతి సార్ మైకు పట్టుకున్నాడు. మొదటి స్థానం, పలమనేరు. "సరోజమ్మగారికి ఒంట్లో బాగలేదు కాబట్టి, ఆమె తరఫున రామచంద్రన్న వచ్చి..."

ఆయన లేచాడు. గ్లాసు చేతిలోనే ఉంది. అప్పటికి ఎన్నోదో నేను లెక్కపెట్టలేదు.

"కూర్సో" అన్నాను.

నేనే పోయాను. షీల్డు తీసుకున్నాను. మైకు కూడా తీసుకున్నాను, చలపతి సార్ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను. రాసిపెట్టుకున్నట్టు గుర్తుంది ప్రతి మాటా —

"నా పేరు సరోజ. నాకు ఏ రోగమూ లేదు. గుండ్రాయి మాదిరి ఉండాను. ఇది మొక్కు. ఏప్రిల్లో నా మొగుడు తాగి తాగి సావు దాకా పోయినాడు. బతికితే నా తల ఇస్తానని ఎంగటేశ్వర సామికి మొక్కినాను. బతికినాడు. అదో, గ్లాసు పట్టుకోని నిలబడుండేది ఆయప్పే. ఆ గ్లాసు దించితే నా మొక్కు నిలిస్తాది. దించకుంటే ఈ గుండు దండగ. అంతే."

మన బల్లల్లో వాళ్ళందరూ కంచాల్లోకి తల దించుకున్నారు. మునిరత్నం మాత్రం గొంతులోనే "గోవిందా" అన్నట్టున్నాడు. తెల్లవాళ్ళు ఒక్క ముక్క అర్థం కాకపోయినా లేచి చప్పట్లు కొట్టారు. ఆ ముసలామె అందరికంటే గట్టిగా. పాపం, ఆమెకు నేనింకా రోగినే.

ఆయన గ్లాసు బల్లమీద పెట్టాడు. పెట్టాడో, చేతిలోంచి జారిందో. మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

నేను నా కుర్చీలో కూర్చుని మొత్తం తిన్నాను. ఐస్‌క్రీము కూడా. రెండోసారి అడిగి పెట్టించుకున్నాను. రాజేశ్వరి బల్ల కింద నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

పదిమందిలో మొగుణ్ణి అట్లా అనొచ్చా? అనొచ్చు. పదిమందిలో నన్ను చంపింది ఎవరు మరి?

నీకోసమే అని ఎన్నడూ అనకూడదనుకున్న మాట... మైకులో అన్నాను. దానికి మాత్రం బాధగా ఉంది.

ఆగస్టు 25

ఇల్లు. మాట్లాడడు. దారంతా మాట్లాడలేదు. విమానంలో కిటికీ సీటు నాకు వదిలాడు, అదొక్కటే.

ఆగస్టు 31

మా కంటే ముందే కబురు పలమనేరు చేరింది. అంగడికి వచ్చేవాళ్ళు దాణా కంటే నా నెత్తినే ఎక్కువ చూస్తున్నారు. చూడనీ. ఒకామె మెల్లగా వచ్చి, "మా ఆయనకూ తాగుడే సరోజమ్మా, ఏం మొక్కమంటావు?" అని అడిగింది. ఏం చెప్పను? "ముందు గట్టిగా అరుసు" అన్నాను.

సెప్టెంబరు 5

పన్నెండు రోజులుగా కొట్టంలోనే మంచం. తింటాడు, పోతాడు. పాలు పిండుతాడు. అంగడి లెక్కలో ఒక్క తప్పు లేదు. పొద్దున చెంబు అందించే నెపంతో దగ్గరికి పోయి వాసన చూశాను. పేడ, పచ్చిగడ్డి, బీడీ. అంతే. సిగ్గు లేకుండా రోజూ చూస్తున్నాను. రేపూ చూస్తాను.

సెప్టెంబరు 14

ఆడబిడ్డ ఫోన్. "అన్న పరువు తీసినావంట గదా వదినా. విగ్గు గూడా పారేసినావంట."

"పరువు తీసినా. ప్రాణం తియ్యలేదు" అన్నాను. పెట్టేసింది.

సెప్టెంబరు 20

మూడు మాటలు మాట్లాడాడు. "తవుడు అయిపోయింది" — రెండు. "తెప్పించు" — మూడు.

సెప్టెంబరు 26, ఆదివారం

జుట్టు వచ్చేసింది. అర అంగుళం పైనే. దువ్వెన తగులుతోంది, నూనె పడుతోంది. నిన్న చలపతి సార్ ఫోన్ చేశాడు — వచ్చే నెల చిత్తూరులో డీలర్ల మీటింగట, రాత్రి భోజనాలు కూడానట. నసుగుతూ, "అమ్మగారూ, ఈసారి అన్నను ఒక్కణ్ణే..." అంటున్నాడు. ఇద్దరమూ వస్తామని చెప్పాను.

సాయంత్రం వసారాలో కూర్చుని నూనె రాసుకుంటున్నాను. ఆయన కొట్టంలోంచి వచ్చాడు. నిలబడ్డాడు.  ఉన్నట్టుండి చెయ్యి చాచి నా నెత్తిమీద పెట్టాడు. కొండ దిగి వచ్చాక ఈ తలను ఆయన ముట్టుకోవడం ఇదే మొదలు. పాలు పిండిన చెయ్యి, ఇంకా వెచ్చగా. అరచేత్తో అటూ ఇటూ నిమిరాడు.

"శానా బిర్నా పెరగతా ఉండాదే" అన్నాడు.

సంతోషం అనుకుని ముఖం చూశాను. కాదు. భయం. నేను ఆసుపత్రిలో కూడా చూడని భయం.

"జుట్టు పెరిగినాక, గ్లాసు ముందరుంటే ఏం జేస్తావు?" అని అడిగాను.

చెయ్యి తియ్యలేదు.  ఆవు అరిచాక తీసి, కొట్టంలోకి పోయాడు.

చెప్పేదాకా అడుగుతాను.